ఉల్లిగడ్డ జ్వరం

మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. అంగన్‌వాడీ గదిలో పదకొండు మంది పిల్లలు పళ్లేలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. పదకొండు మందీ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"అక్కా, నాకు అడుగంటింది వద్దు."

"అక్కా, వీడు నా పల్లెంల చెయ్యి పెట్టిండు."

"అక్కా, దొడ్డికొస్తుంది."

నవ్య గరిటె పక్కన పెట్టి, చివరి మాట అన్నవాణ్ణి ముందు బయటికి తీసుకుపోయింది. ఆ పని ఆలస్యమైతే ఏమవుతుందో ఆమెకు నిన్ననే తెలిసొచ్చింది.

నవ్యకు పదకొండేళ్లు. చదివేది ఆరో తరగతి. ఈ వేళకు ఆమె బడిలో ఉండాలి. కానీ సకల జనుల సమ్మె మొదలై మూడో వారం నడుస్తోంది. తెలంగాణ రాష్ట్రం కావాలని సార్లు, బస్సు డ్రైవర్లు, ఆఫీసుల వాళ్లు అందరూ పనులు ఆపేశారు. బళ్లకు తాళాలు పడ్డాయి. బయ్యారం దారిలో ఉన్న రేగడి తండాలో అంగన్‌వాడీ ఒక్కటే నడుస్తోంది. పసిపిల్లల తిండి మాత్రం ఆపొద్దని తండా పెద్దలు అనుకున్నారు.

అయితే అంగన్‌వాడీ సౌజన్య టీచర్ ఉండేది మహబూబాబాద్‌లో. బస్సుల్లేక ఆమె రావడం లేదు. ఇక మిగిలింది ఆయా ఒక్కతే. ఆ ఆయా నవ్య వాళ్ల అమ్మ సక్రి. తండా మాటలో అమ్మను యాడీ అంటారు.

ఆ సక్రికి జ్వరం పట్టుకుంది. మంచం మీదున్న మనిషి కింద మంచం కూడా వణికే జ్వరం. నిన్న పొద్దున నర్సు మనోరమ సిస్టర్ నడిచొచ్చి చూసింది. సంచిలో ఉన్నన్ని గోలీలు ఇచ్చి, ఎల్లుండి సాయంత్రం మళ్లీ వస్తానంది.

"ఐదు దినాలు పొయ్యి కాడికి పోవద్దు. మంచం దిగొద్దు," అంది సిస్టర్.

"ఐదు దినాలా? గన్ని దినాలు ఇంట్ల పంటే నలుగురు ఏమనుకుంటరు సిస్టర్? ఒక్క పూట చాలు," అంది సక్రి.

"గా మాట జ్వరాన్నడుగు, ఒక్క పూటల పోతదేమో."

నవ్య నాయిన సుభాష్ హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి పోయి అక్కడే చిక్కుబడ్డాడు. ఇంట్లో ఉన్నది తల్లీ బిడ్డా ఇద్దరే. అందుకే నవ్య ముందుకొచ్చింది.

"నేను పోత యాడీ. కిచిడీ నాకు వండొస్తది."

మొదటి రోజు ఆమె నడక చూడాలి. తాళంచెవి చేతిలో ఊపుకుంటూ, పెద్ద ఉద్యోగస్తురాలిలా పోయింది. రెండో రోజుకు ఆ ఊపు తగ్గింది. పొగకు కళ్లు మండాయి. చేతులు లాగాయి. పదకొండు ముక్కులు తుడిచేసరికి తన ముక్కు కూడా కారడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే కిటికీ దగ్గర శిరీష ముఖం కనిపించింది. శిరీష ఆమె క్లాసుమేటు, ప్రాణ స్నేహితురాలు.

"నవ్యా, రేపు క్రాస్ రోడ్డు కాడ వంటావార్పు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుతరట. బండ్లన్నీ బంద్. మన క్లాసోళ్లందరం పోతున్నం. నువ్వు గూడ రా."

"ఎట్లొస్త? వీళ్లకెవరు వండుతరు?"

"ఒక్క దినం నాగా పెట్టు. జ్వరమని చెప్పు."

"యాడీ చెయ్యేసి చూస్తది."

శిరీష కిటికీ ఊచల్లోకి ముఖం దూర్చింది. "చంకల ఉల్లిగడ్డ పెట్టుకో. ఒళ్లు కాలిపోతది. మా అన్న పరీక్షలప్పుడు గట్లనే చేస్తడు."

"మరి పాసయిండా?"

"ఫేలయిండు. గని జ్వరమైతే వచ్చింది."

నవ్య నవ్వింది కానీ ఆ మాట ఆమె బుర్రలో తిష్ట వేసింది. యాడీ రెండు రోజులు పండుకుంది కదా, నేను ఒక్క రోజు పండుకుంటే తప్పేంది అనుకుంది. యాడీ మంచం మీద ఉన్నది సరదాకు కాదన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు. మనకు కావలసింది కళ్ల ముందు ఆడుతున్నప్పుడు లెక్కలు అలాగే తేలతాయి.

మూడో రోజు పొద్దున నవ్య చంకలో ఉల్లిగడ్డ పెట్టుకుని, దుప్పటి ముసుగు తన్ని పడుకుంది. ఉల్లిగడ్డతో జ్వరం వస్తుందో రాదో గానీ కంపు మాత్రం తప్పకుండా వస్తుంది. అరగంటలో ఆ ఉక్కకు ముఖం ఎర్రబడి చెమటలు కారాయి.

"యాడీ, నాకు మంచిగ లేదు," అని సన్నగా మూలిగింది.

సక్రి గోడ పట్టుకుని లేచి వచ్చింది. బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టింది. తన చెయ్యే కాలుతుంటే ఎదుటి వేడి ఏం తెలుస్తుంది? చెమట పట్టిన ముఖం చూసి నమ్మేసింది.

"నా జ్వరమే నీకు అంటింది బిడ్డా," అంది. "పని చెప్పి నిన్ను గూడ పండవెట్టిన."

కాగితంలోంచి గోలీలు తీసి నవ్య అరచేతిలో పెట్టింది. రెండే ఉన్నాయి.

"గంజి తాగి ఒకటి మింగు. మధ్యాహ్నం ఒకటి. మాపటికి సిస్టర్ వస్తది."

"మరి నీకు?"

"నాకు తగ్గింది గద."

సక్రి ముఖం కడుక్కుంది. కొంగు నడుముకు బిగించి, తాళంచెవి తీసుకుని, మెల్లగా గుమ్మం దాటింది. నిజం చెప్పేద్దామని నవ్య నోరు తెరిచింది. అంతలో దూరంగా డప్పులు మొదలయ్యాయి. నవ్య ఉల్లిగడ్డ తీసి మూలకు విసిరేసి, గోలీలు గౌను జేబులో వేసుకుని పరుగెత్తింది.

క్రాస్ రోడ్డు జాతరలా ఉంది. ఎప్పుడూ లారీలు హోరెత్తే చోట పెద్ద పెద్ద పొయ్యిలు మండుతున్నాయి. కిరాణాకొట్టు రామచంద్రం సేటు బియ్యం బస్తా ఇచ్చి, తానే కింద కూర్చుని మిరపకాయలు తుంచుతున్నాడు. రోజూ గల్లాపెట్టె వదలని మనిషి. తండాలో డిగ్రీ చదివే ప్రేమ్‌చంద్ అన్న చేట అంత గరిటెతో పులిహోర కలుపుతున్నాడు. "జై తెలంగాణ" అని ఒకరంటే నాలుగు వందల గొంతులు అందుకుంటున్నాయి. నవ్య కూడా గొంతు బొంగురుపోయేలా అరిచింది. ఆమెకు నిజంగానే సంతోషంగా ఉంది.

రోడ్డు మీదే భోజనాల బంతులు వేశారు. శిరీష పక్కన నవ్య కూర్చుంది. ఇస్తరాకులో పులిహోర పడింది. చేతికంటిన దుమ్ము గౌనుకు తుడుచుకోబోతే జేబులో గోలీలు తగిలాయి.

మధ్యాహ్నమైంది. అది యాడీ గోలి మింగాల్సిన వేళ. పొద్దుటిది కూడా మింగలేదు.

నవ్యకు ముద్ద ఎత్తబుద్ధి కాలేదు. ఇస్తరాకు అలాగే వదిలి లేచింది.

"ఏంది, తినవా?" అంది శిరీష.

నవ్య అప్పటికే తండా దారి పట్టింది.

అంగన్‌వాడీ దగ్గరికి రాగానే మాడు వాసన కొట్టింది. లోపలినుంచి చప్పుడు లేదు. పదకొండు మంది పిల్లలున్న గదిలో చప్పుడు లేకపోతే ఎంత భయమేస్తుందో నవ్యకు అప్పుడు తెలిసింది.

సక్రి గోడకు ఆనుకుని, తల వాల్చి కూర్చుంది. కళ్లు మూసుకుని ఉంది. నాలుగేళ్ల వాల్యా తన పళ్లెంతో ఆమెకు విసురుతున్నాడు. మిగతావాళ్లు కదలకుండా చూస్తున్నారు. పొయ్యి మీద కిచిడీ నల్లగా బొగ్గయింది.

"ఆయమ్మ కూలవడ్డది అక్కా," అన్నాడు వాల్యా.

నవ్య మొదట పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లింది. చెంబుతో నీళ్లు తెచ్చి తల్లి ముఖం తుడిచింది. సక్రి కళ్లు తెరిచింది.

"యాడీ, గోలి మింగు."

"గిది నీది గద. నువ్వు మింగలేదా?"

ఈసారి నవ్య మాటను ఆపుకోలేదు. "నాకు జ్వరం లేదు యాడీ. చంకల ఉల్లిగడ్డ పెట్టుకున్న. రోడ్డు మీది వంట చూడబోయిన."

సక్రి బిడ్డ ముఖంలోకి చూసింది. గోలి మింగి, మళ్లీ కళ్లు మూసుకుంది. రెండు దెబ్బలు వేసినా నవ్యకు అంత బాధ కలిగేది కాదు. కానీ ఏడ్వడానికి సమయం లేదు. పిల్లలు ఖాళీ పళ్లేలు పట్టుకుని ఆమె వైపే చూస్తున్నారు.

నవ్య పక్కింటి ముసలామె రుక్కి దాదీని పిలుచుకొచ్చి తల్లి దగ్గర కూర్చోబెట్టింది. బకెట్ కడిగి పట్టుకుని, వచ్చిన దారినే మళ్లీ పరుగెత్తింది.

"ప్రేమ్ అన్నా, అంగన్‌వాడీ పిల్లలకు అన్నం కావాలె. పదకొండు మంది."

"ఇయ్యాల వండలేదా? నువ్వే వండుతున్నవన్నరు గద."

బంతిలో ఉన్నవాళ్లు తలలు తిప్పారు. శిరీష కూడా చూస్తోంది. కడుపునొప్పి అని చెప్పినా సరిపోయేది. ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.

"నిన్న, మొన్న వండిన. ఇయ్యాల జ్వరమని అబద్ధం చెప్పి ఇక్కడికొచ్చిన. మా యాడీ జ్వరం తోటి పోయి పొయ్యి కాడ పడ్డది. పిల్లలు తినలే."

ఆమె చెవులు వేడెక్కాయి. కానీ బకెట్ వెనక్కి తీసుకోలేదు. ప్రేమ్‌చంద్ ఆమెను ఒకసారి చూశాడు. బకెట్ నిండా పులిహోర వేశాడు. అది ఒక్కదానితో లేవదని శిరీష వచ్చి రెండో పక్క పట్టుకుంది.

సాయంత్రం మనోరమ సిస్టర్ వచ్చి సక్రిని చూసి ముఖం చిట్లించింది.

"ఐదు దినాలంటే ఐదు దినాలే. ఇయ్యాల్టి నుంచి మళ్లా మొదలు."

"మళ్లా ఐదా? తండల అందరు..."

"ఐదు, యాడీ," అంది నవ్య. "ఒక్కటి గూడ తక్కువ గాదు."

సిస్టర్ పోయాక సక్రి బిడ్డను దగ్గరికి పిలిచింది. "వంటావార్పుకు పోత అని అడిగితే నేనొద్దందునా? రుక్కి దాదీకి చెప్పి పంపకపోదునా? నువ్వు జ్వరమంటే, నా పాణం ఎంత కొట్టుకుందో తెలుసా?"

అప్పుడు ఏడ్చింది నవ్య. పొద్దుటి నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది.

మర్నాటి నుంచి తాళంచెవి ఆమె నడుముకే వేలాడింది. మూడో రోజున సక్రి మంచం దిగి, "తగ్గింది, ఇగ పోత," అంటే నవ్య గుమ్మానికి అడ్డం నిలబడింది. "మూడే అయినయి. పండుకో." దారిలో ఒకావిడ, "మీ అమ్మ ఇంకెన్ని దినాలు పంటది?" అని వెటకారంగా అడిగింది. "ఐదు. సిస్టర్ చెప్పినన్ని," అంది నవ్య నిలబడి.

ఐదో రోజు సద్దుల బతుకమ్మ. పండుగైనా పసిపిల్లల ఆకలికి సెలవు ఉండదు. నవ్య వండింది, పెట్టింది, పళ్లేలు కడిగింది. అంతలో శిరీష తంగేడు పూల కట్ట పట్టుకుని వచ్చింది. రోడ్డు మీద ఊళ్లన్నీ కలిసి బతుకమ్మ ఆడుతున్నాయట.

నవ్యకు పోవాలనే ఉంది. చాలా ఉంది. ఆమె పిల్లలను చాపల మీద పడుకోబెట్టి, పక్కింటికి పోయింది.

"దాదీ, నాకు ఇయ్యాల మాపటికి సెలవు కావాలె."

రుక్కి దాదీ ఆమెను ఎగాదిగా చూసింది. తండాలో ఉల్లిగడ్డ సంగతి తెలియని వాళ్లెవరు?

"ఏమైంది? తలనొప్పా, కడుపునొప్పా?"

"ఏ నొప్పి లేదు దాదీ. మంచిగున్న. బతుకమ్మ ఆడబోవాలె. పిల్లలు పండుకున్నరు. నాలుగు గొట్టంగ వాళ్ల అమ్మలొచ్చి తీస్కపోతరు. అప్పటిదాక నువ్వు కూసుంటవా?"

"కూసోకుంటే?"

నవ్య ఒక్క క్షణం ఆలోచించింది. "నేనే కూసుంట. నాలుగైనంక పోత."

రుక్కి దాదీ చెయ్యి చాపింది. నవ్య నడుము నుంచి తాళంచెవి విప్పి ఆ చేతిలో పెట్టింది.

శిరీష అప్పటికే సగం దారి పోయి కేకలేస్తోంది. నవ్య మాత్రం ముందు ఇంటికి పోయింది. ఎక్కడికి పోతోందో, ఎప్పుడు వస్తుందో యాడీకి చెప్పి, అప్పుడు రోడ్డెక్కింది.