కథొకటి, నిజమొకటి

“ఒక్కటే ఇయ్యున్రి అన్నా. రెండెందుకు నాకు?”

“ఒక్కటి ఇయ్యం మేడం. కథొకటి, నిజమొకటి. జోడిగనే తీసుకోవాలె. అది మా షాపు పద్ధతి.”

“చెప్పులంటె జోడిగ ఇస్తరు, అర్థముంది. గవి కింది షాపుల ఉన్నయి. ఇవి పుస్తకాలు గద.”

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర, చెప్పుల దుకాణం పై అంతస్తులో పుస్తకాల షాపు నడుపుతున్న మహేందర్‌కు ఇంత సూటిగా ఎదురు చెప్పిన మనిషి అంతకుముందు తగల్లేదు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పోటీ పరీక్షల గైడ్ల కోసం వచ్చి, గైడ్లే కొనుక్కుని పోతారు. షాపును బతికించేవి అవే. వెనక ఉన్న రెండు అరలు మాత్రం అతని సొంత సరదా. కథలే చదివితే మనిషి గాల్లో తేలతాడని, నిజాలే చదివితే మొద్దుబారిపోతాడని అతని సిద్ధాంతం. అందుకే ఎవరు సలహా అడిగినా ఒక కథల పుస్తకం, ఒక నిజాల పుస్తకం కలిపి దారంతో కట్టి ఇస్తాడు.

కర్రీ పాయింట్ నడిపే స్వరాజ్యలక్ష్మికి సముద్రంలో దారి తప్పిన పడవవాళ్ల నవల, నక్షత్రాల గురించిన పుస్తకం కట్టి ఇచ్చాడు. పొద్దంతా పొయ్యి ముందు నిలబడే మనిషికి కాస్త ఆకాశం కావాలని అతని లెక్క. ఆవిడ నవలంతా చదివి, పడవలో ఒక్కడికీ వంట రాదని తిట్టిపోసి, నక్షత్రాల మీద ఇంకోటుంటే ఇమ్మంది. కోహెడలో వ్యవసాయం చేసుకునే అతని బాపు మాత్రం, ప్లాట్లు అమ్మమంటే పుస్తకాలు అమ్ముతున్న కొడుకు గురించి ఎవరడిగినా మాట మార్చేస్తాడు.

ఆ రోజు అలా వాదించిన నవత వచ్చింది కూడా నిజానికి పుస్తకం కోసం కాదు. వాన పడుతోంది, దుబ్బాక బస్సు రాలేదు, పైన లైటు వెలుగుతోంది. అంతే. కానీ ఒకసారి వాదన మొదలుపెట్టాక మధ్యలో దిగిపోవడం ఆమెకు అలవాటు లేదు. చివరికి జోడీ తీసుకుంది.

“రెండిట్ల ఏది బాగలేకపోయినా మళ్ల వచ్చి కొట్లాడుత” అని చెప్పి మరీ మెట్లు దిగింది.

అన్నట్టే వచ్చింది.

“కథెట్లుంది?” అడిగాడు మహేందర్.

“హీరో ఆమె కోసం దినమంత వానల నిలబడ్డడు. జరమొచ్చిందా అంటె, రాలే. నేను దవాఖానల రక్తపరీక్షలు చేస్త. గట్ల నిలబడ్డోళ్లు తెల్లారి నా ముంగటనే కూసుంటరు.”

“నిజమెట్లుంది?”

“తేనెటీగల పుస్తకమా? మంచిగుంది. అవి మస్తు పద్ధతిగ ఉంటయి. మనుషులే ఉండరు.”

“అంటె నేనా?”

“మీకెట్ల అనిపిస్తె అట్ల.”

మహేందర్ ఆ సాయంత్రం రెండు గైడ్లు తప్పు మనుషులకు అమ్మాడు. గ్రూప్స్ రాసే అమ్మాయికి కానిస్టేబుల్ గైడు, కానిస్టేబుల్ కుర్రాడికి గ్రూప్స్ గైడు. ఇద్దరూ తిరిగొచ్చి గొడవ చేస్తే తప్ప అతనికి తెలియలేదు.

తర్వాత నవత వస్తూనే ఉంది. పొద్దున దుబ్బాక నుంచి వచ్చేటప్పుడు బస్సులో నిజం చదువుతుందని, సాయంత్రం పోయేటప్పుడు కథ చదువుతుందని అతనికి తెలిసింది. కిటికీ పక్క సీటు కోసం రోజూ ఎవరితోనో ఒకరితో గొడవ పడుతుందని కూడా తెలిసింది. ఇంకొకటి అతనే కనిపెట్టాడు. సిద్దిపేటలో ఆ వయసు ఆడపిల్లలు దుకాణాల వాళ్లందరినీ అన్నా అనే పిలుస్తారు. మొదటి రోజు నవత కూడా అంది. ఎప్పుడు మానేసిందో గాని, మానేసింది. ఆ పిలుపు రాకపోవడం మహేందర్‌కు పండగలా ఉండేది.

ఆమెకని ఒక జోడీ ఏరి బల్ల కింద దాచాడు. మొగుడూ పెళ్లాలు చివరి పేజీ దాకా పోట్లాడుకుంటూనే ఉండే ప్రేమకథ ఒకటి. నూలుకు రంగులద్దడం ఏ దేశంలో ఎవరు ఎలా నేర్చుకున్నారో చెప్పే పుస్తకం ఒకటి, ఎందుకంటే ఆమె తండ్రి రాజమల్లయ్య దుబ్బాకలో చీరలు నేస్తాడు. ఆ జోడీ ఇచ్చే రోజే మనసులో మాట కూడా చెప్పాలనుకున్నాడు. మంచి రోజు కోసం చూస్తూ కూర్చున్నాడు.

అంతలో సాయిచరణ్ వచ్చాడు. ఈ పక్క ఊరి కుర్రాడే, మహారాష్ట్రలోని భివండిలో మరమగ్గాలు నడిపిస్తాడు. మర్యాదస్తుడు, నవ్వు ముఖం. తిట్టుకోవడానికి కూడా వీలు లేని మనిషి.

“అన్నా, ఆదివారం పిల్లను చూడనీకి పోతున్న. పిల్ల మస్తు చదువుతదట. పండ్లు, స్వీట్లు అందరు పట్కపోతరు. మీరు మంచి పుస్తకాలు చెప్తరని అన్నరు.”

“ఎసొంటి పిల్ల?” మహేందర్ అలవాటుగా అడిగాడు.

“జర కొట్లాడుతదట. దుబ్బాక. ఈడ్నే దవాఖానల రక్తం తీస్తదట.”

మహేందర్ చేతిలోని దుమ్ముగుడ్డ కింద పడింది. దాన్ని వంగి తీసుకోవడానికి అతనికి చాలా సేపు పట్టింది.

షాపులో చెడ్డ పుస్తకాలకు కొరత లేదు. జీవితంలో గెలవడమెలాగో చెప్పే లావుపాటి పుస్తకం ఒకటి, ఏడుపు తప్ప ఇంకేం లేని నవల ఒకటి కట్టి ఇస్తే చాలు, నవత ఆ సంబంధాన్ని గడప దాటనివ్వదు. చేయి అటు పోయింది కూడా. కానీ ఆ పుస్తకాలు పట్టుకుని ఆమె బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం కళ్లకు కట్టింది. వేరే ఎవరికైనా ఇచ్చేవాడేమో గాని, ఆమెకు చెడ్డ పుస్తకం ఇవ్వడం అతని వల్ల కాలేదు. బల్ల కింద దాచిన జోడీనే తీసి, కాగితం చుట్టి ఇచ్చేశాడు. అంత తెలివితక్కువ పని ఆ ఏడాది సిద్దిపేటలో ఇంకెవరూ చేసి ఉండరు.

ఆదివారం గడిచింది. నవత రాలేదు. దుబ్బాక బస్సులు వస్తూ పోతూ ఉన్నాయి గాని, ఆమె మాత్రం మెట్లెక్కలేదు.

కింద మక్క కంకులు కాల్చి అమ్మే కొమురవ్వది కూడా దుబ్బాకే. ఉండబట్టలేక మహేందర్ ఆమెనే అడిగాడు.

“రాజమల్లయ్య బిడ్డ సంబంధం ఏమైందవ్వా?”

“అయినట్టే ఉంది బిడ్డా. మా దిక్కు వద్దనుకుంటె పిలగానోళ్లు తెచ్చిన సామాను వాపస్ పంపుతరు. ఆ పిలగాడు తెచ్చిన పుస్తకాలు ఇంక రాజమల్లయ్య ఇంట్లనే ఉన్నయట. వాపస్ పోలేదంటె ఒప్పుకున్నట్టే గద. కంకి తింటవా?”

మహేందర్ కంకి తీసుకుని పైకి వచ్చి, దాన్ని బల్ల మీద పెట్టి మరిచిపోయాడు. అతనికి నిజంగా దుఃఖం వచ్చింది. తను ఏరిన పుస్తకాలే తన కొంప ముంచాయని ఎవరికి చెప్పుకుంటాడు?

ఒక సాయంత్రం, వాన జోరుగా ఉన్నప్పుడు నవత వచ్చింది. ఈసారి తల కూడా తుడుచుకోకుండా నేరుగా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

“సాయిచరణ్‌కు పుస్తకాలిచ్చింది మీరే గద.”

“అవును.”

“నాకోసమని తెల్సే ఇచ్చిన్రా?”

“తెల్సే.”

“చూడంగనె నాకు ఎరుకైంది. కథొకటి, నిజమొకటి, గిట్ల ఇంకెవరు ఇస్తరు? మస్తు కోపమొచ్చింది. మీరే వచ్చి ఏమన్న అంటరని చూసిన. రాలే.”

“మీరు ఒప్పుకున్నరు గద. ఇంక నేనేమంట?”

“ఎవరు చెప్పిన్రు ఒప్పుకున్నమని?”

“పుస్తకాలు వాపస్ పోలేదట గద.”

నవత స్టూలు మీద కూలబడింది. నవ్వాలో తిట్టాలో తెలియనట్టు అతని వైపు చూసింది.

“ఆదివారమే చెప్పిన బాపుకు, వద్దని. ఆ పిలగాడు మంచోడే. కని నాకు ఇష్టం లేదు. బాపు సరే అన్నడు. తెల్లారి పుస్తకాలు పంపుదమంటె, రంగుల పుస్తకం బాపు చేతుల ఉంది. ‘వద్దని చెప్తె వాపస్ ఇయ్యాలె గద బిడ్డా, ఇంక సగం కూడ కాలే, జర ఆగు’ అన్నడు. మగ్గం గుంతల కూసోని ఒక్కొక్క పేజీ రెండు రెండు సార్లు చదువుతుండు. అవ్వ తిట్టింది, నేను తిట్టిన. వింటెనా?”

మహేందర్ రోజులు లెక్కేసుకున్నాడు. ఇన్నాళ్లూ తను తిండి సహించక తిరిగింది రాజమల్లయ్య నింపాదిగా చదవడం వల్లనా? కోపం రావాల్సింది. సంతోషం ముందొచ్చేసింది.

“నిన్న అయిపోయింది. రేపు వాపస్ ఇచ్చి వస్తడు” అంది నవత. “కని రాత్రి నన్ను అడిగిండు. ‘గివి ఆ పిలగాడు ఏరినవి కావు. ఎవలు ఏరిన్రు?’ అని. చెప్పిన. ‘నిన్ను చూడవచ్చేటోని చేతుల గింత మంచి పుస్తకాలు పెట్టి పంపిండంటె, ఆ మనిషికి పిచ్చన్న ఉండాలె, నీ మీద పాణమన్న ఉండాలె. రెండిట్ల ఏదో అడిగి రా’ అన్నడు. గందుకే వచ్చిన.”

ఎవరేం అడిగినా వెనక అరల వైపు చూడటం మహేందర్ అలవాటు. ఇప్పుడూ అటే తిరిగాడు.

“గా అరలల్ల ఏం లేదు” అంది నవత. “ఇటు చూసి చెప్పున్రి.”

“పిచ్చయితె లేదు” అన్నాడు మహేందర్.

“గదేం జవాబు? పూర్తిగ చెప్పున్రి.”

“నువ్వంటె నాకు పాణం. ఎప్పుడో చెప్పాల్సింది, భయపడ్డ. మా బాపు ఏమంటడో తెల్వదు. ఏమన్నా సరే, నేను నిలబడుత.”

మీరు కాస్తా నువ్వయింది. కింద దుబ్బాక బస్సు హారన్ కొట్టింది. నవత కదల్లేదు.

“నీ బస్సు పోతుంది” అన్నాడు.

“పోనియ్యి” అంది నవత. “నేను చెప్తె బాపు నమ్మడు. నువ్వే వచ్చి చెప్పు.”