ఎక్స్‌రే గదిలో ఆవిడ

మూడో అంతస్తు చివరనున్న పాత ఎక్స్‌రే గది మంచిది కాదని ఆ ఆసుపత్రిలో అందరూ చెప్పుకునేవారు. మిషను కిందికి మార్చేశారు. తాళంచెవి ఎక్కడో పోయింది. పదేళ్ళుగా ఆ తలుపు తీసిన నాథుడు లేడు. అయినా రాత్రిళ్ళు లోపల ఎవరో దగ్గుతారు... నీళ్ళ చప్పుడవుతుంది... ఒక్క ఏడాదిలో ముగ్గురు నైట్ నర్సులు మానేశారు. మూడో ఆవిడైతే చెప్పులు కూడా వదిలేసి పోయిందట.

నాలుగో ఆవిడగా వచ్చింది కొత్త సిస్టరు. మనిషి నిలువెత్తు, గొంతు గంట. గుండె మాత్రం పిచ్చుకంత.

"దెయ్యమూ లేదు, గాడిద గుడ్డూ లేదు," అంది హెడ్ సిస్టరు. "నువ్వూ పారిపోతే ఈ వార్డు మూసేస్తారు. ఈ ముసలివాళ్ళంతా ఎక్కడికి పోతారు?"

అది మతిమరుపు వార్డు. ఏడో మంచం మీద తాళాల తాతయ్య ఉండేవాడు. బజారులో తాళాలు బాగుచేసే కొట్టు నడిపిన మనిషి. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. కానీ ఏం అడిగినా తడుముకోడు. "నిన్నేం చేశారు తాతయ్యా?" అంటే బ్యాంకు లాకరు తెరవడానికి వెళ్ళాననీ, మేనేజరే కారులో దింపాడనీ, కారు రంగుతో సహా చెబుతాడు. ఆయన ఆసుపత్రి గడప దాటి ఏడాదైంది!

"అబద్ధాలు కావు," అని డాక్టరు ముందే చెప్పాడు. "గుర్తులేని చోట ఆయన మనసే ఓ కథ అల్లుతుంది. అల్లిందని ఆయనకే తెలీదు. నిజంగా జరిగిందనే నమ్ముతాడు."

మొదటి రాత్రి. పక్క గదిలో పేషెంట్లని చూసి సిస్టరు తిరిగొచ్చేసరికి ఒంటిగంట. తాతయ్య మేలుకునే ఉన్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మాయ్... ఆ చివరి గదిలోంచి ఒకావిడ వస్తుంది."

"ఎవరు తాతయ్యా?"

"దెయ్యం," అన్నాడు, పాలవాడొచ్చాడు అన్నంత మామూలుగా. "తడి కాళ్ళు. పక్కన కూచుని నా జుట్టు దువ్వుతుంది. మొన్న లాకరు దగ్గరికీ వచ్చింది."

లాకరు మాట వినగానే సిస్టరుకి ప్రాణం లేచొచ్చింది. అల్లిన కథే! నవ్వుకుంటూ దుప్పటి సర్దబోయి... ఆగిపోయింది.

డ్యూటీ ఎక్కినప్పుడు తాతయ్య జుట్టు కాకిగూడు. ఇప్పుడు — పాపిడి తీసి, నున్నగా దువ్వి ఉంది.

మంచం పక్కన తడి అడుగులు. వార్డు గుమ్మం దాకా... అక్కణ్ణుంచి వరండాలోకి...

పారిపోదామనుకుంది. కానీ మెట్లున్నది కూడా ఆ గది పక్కనే!

ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో ఆయుధం ఏదైనా ఉంటే మంచిదని అందిన బెడ్‌పాను పట్టుకుని బయల్దేరింది. అడుగులో అడుగు... అడుగులో అడుగు... పదేళ్ళుగా తెరుచుకోని తలుపు బెత్తెడు తెరిచి ఉంది. లోపల తెల్లగా ఏదో — రెండు చేతులూ చాపి — ఊగుతోంది.

"ఎ... ఎవరూ?" గంట లాంటి గొంతు చుంచెలుక కూతై వచ్చింది.

"ష్... మెల్లిగా అమ్మా," అంది చీకటి. "హెడ్ సిస్టరు లేస్తుంది."

బెడ్‌పాను చేజారింది. ఆ మోతకి వార్డులో ఎవరో "రైలొచ్చింది, దిగండి దిగండి!" అని అరిచారు.

టార్చి వెలుగులో — తాడు మీద ఆరేసిన తెల్ల దుప్పటి. దాని వెనక, చేతిలో దువ్వెనతో, గుప్పెడంత ముసలావిడ.

"ఏడో మంచం ఆయన భార్యనమ్మా. మీ రూలేమో ఏడింటికే మమ్మల్ని బయటికి పంపేస్తుంది. ఆయన అర్ధరాత్రి లేచి, ఎక్కడున్నాడో తెలీక చంటిపిల్లాడిలా ఏడుస్తాడు. పక్క తడిపితే సిగ్గుతో చచ్చిపోతాడు. అందుకే ఈ గదిలో దాక్కుని, నలుగురూ చూడకముందే దుప్పటి మార్చి, ఉతికి..."

"మరి తాళం?"

"యాభై ఏళ్ళు ఆయన పక్కన కూచుని చూశాను. ఈ డొక్కు తాళం నాకో లెక్కా? జడపిన్ను చాలు."

"ఆ ముగ్గురు నర్సులూ..."

"నేనేం అనలేదు తల్లీ! రెండో ఆవిడ పడిపోతే మంచినీళ్ళు కూడా ఇవ్వబోయాను. దాంతో లేచి మరీ పరిగెత్తింది." ముసలావిడ సిస్టరు చెయ్యి పట్టుకుంది. "చెప్పెయ్యకమ్మా. నన్ను మళ్ళీ రానివ్వరు."

అంతలో వార్డులోంచి ఏడుపు వినిపించింది. "ఎవరైనా ఉన్నారా... నేనెక్కడున్నాను..."

తాతయ్య గొంతు.

"పదండి మామ్మగారూ, త్వరగా," అంది సిస్టరు. టార్చి పట్టి దారి కూడా చూపించింది.

ఆవిడ పక్కన కూచుని మొహం తుడిచింది. నిమిషంలో ఏడుపు ఆగింది. ఆవిడ చేతిలో చెయ్యి పెట్టుకుని తాతయ్య హాయిగా వెనక్కి వాలాడు. సిస్టరుకి కళ్ళు చెమర్చాయి.

"తాతయ్యా, ఈవిడెవరో తెలిసిందా?"

తాతయ్య ఆవిడ వైపు ఎగాదిగా చూశాడు. సిస్టరుని వంగమని సైగ చేశాడు. అటూ ఇటూ చూసి, చెవిలో గుసగుసగా అన్నాడు —

"చెప్పానుగా, దెయ్యం. బంగారం లాంటి దెయ్యంలే. కానీ అమ్మాయ్... ఇలా రోజూ వస్తోందని మా ఆవిడతో మాత్రం అనకు. అసలే అనుమానం మనిషి!"