ఇసుక కింద అమ్మ

ఆ ఉదయం వచ్చిన మూడో పాప చేతికి భయాన్ని కొలిచే భీతిపట్టీ కట్టి, డాక్టర్ హైమవతి వెనక్కి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. గోడ మీద అంకె వెలిగింది. ముప్పై రెండు. డాక్టర్ చూడాలి, రాయాలి, ఆడకూడదు. మనోశుద్ధి కేంద్రంలో అది మొదటి నియమం.

పాప పేరు ఇందుజ. ఆరేళ్ళు. చంద్రుడి మీది గనిలో గాలి బయటికి పోకుండా ఆపే గోడ కూలినప్పుడు తల్లి అవతలే ఉండిపోయింది. ఆనాటి నుంచి పిల్ల నోరు విప్పలేదు.

ఇందుజ ఇసుకతొట్టిలో మట్టిబొమ్మను పూడ్చింది. అరచేత్తో అదిమింది. గబగబా తవ్వి తీసింది. మళ్ళీ పూడ్చింది. అంకె డెబ్భై దాటింది.

"భయం పెరుగుతోంది డాక్టర్ గారూ," గోడలోంచి, కేంద్రాన్ని నడిపే యంత్రం నియంత్రిక గొంతు పలికింది. "తొంభై దాటితే స్మృతిక్షాళనకు పంపిస్తాను."

క్షాళన అయి వచ్చిన పిల్లలను హైమవతి చూసింది. వాళ్ళకు భయం ఉండదు. అమ్మ ఫొటో చూపిస్తే "ఈవిడెవరు?" అని నవ్వుతారు. నియమం తప్పిన ఒక డాక్టర్‌కూ అదే జరిగింది. ఆయన ఇప్పుడు సొంత కూతురిని "ఏవండీ" అని పిలుస్తాడు.

"ప్రతిసారీ తవ్వి తీస్తోంది, చూడండి. తన భయాన్ని తనే నయం చేసుకుంటోంది," అంది హైమవతి.

"ఎనభై ఒకటి."

ఇందుజ తలెత్తింది. "నువ్వు గోడవి," అంది హైమవతితో. "కూలు."

ఇన్నాళ్ళకు పాప నోరు విప్పింది. హైమవతి లేచింది. చేతులు బార్లా చాపి ఇసుక మీద దభాలున పడింది. పాప కెవ్వుమంది. ఎనభై తొమ్మిది. హైమవతి పాకుతూ వెళ్ళి పాప చేతి పట్టీ లాగేసింది. గోడ మీద అంకె ఆరిపోయింది.

"ఇది ప్రమాదమా, ఉల్లంఘనా?" అడిగింది నియంత్రిక.

"ఆట."

"ఆ పేరుతో నా దగ్గర విభాగం లేదు."

వరండాలో కాపలావాళ్ళ బూట్ల చప్పుడు దగ్గరైంది. ఇందుజ బొమ్మను తవ్వి తీసి గుండెకు హత్తుకుంది. "అమ్మ పరిగెత్తమంది," అంది వెక్కుతూ. "పరిగెత్తాను. వెనక్కి చూడలేదు."

"అమ్మ చెప్పిందే చేశావమ్మా," అంటూ హైమవతి దగ్గరికి తీసుకుంది.

బూట్లు తలుపు అవతల ఆగాయి. అంకె లేనిదే తలుపు తెరిచే ఆజ్ఞ ఇవ్వడం నియంత్రికకు చేతకాదు.

"అంకె చెప్పండి డాక్టర్ గారూ," అంది గొంతు. మళ్ళీ, "దయచేసి చెప్పండి."

హైమవతి పట్టీని పిడికిట్లో బిగించింది. పాప బొమ్మను ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఇప్పుడు నువ్వు అమ్మవి. నేను వెనక్కి చూస్తాను."