పదకొండు మంది సొంత కారణాలు

"మీకు సిగ్గుందా?"

ఫైళ్ల గది తలుపు తీస్తూనే లెక్కలమ్మాయి అడిగిన మొదటి మాట అది. మోకాళ్ల నొప్పుల మాత్ర మీద జరిగే పరిశోధనలో అంకెలు చూసే ఉద్యోగం ఆమెది. చేరి పదిహేను రోజులు. రోగుల వివరాలు రాసే కోఆర్డినేటర్‌ని చూడటం అదే మొదలు.

అతను టీ గ్లాసు పట్టుకుని కొయ్యబారిపోయాడు. "ఉంది. ఎందుకండీ?"

"పదకొండు మంది మధ్యలో మానేశారు. అందరికీ ఒకటే కారణం, 'సొంత కారణాలు'! అందరూ అసలు మాత్ర మింగినవాళ్లే. ఉత్త చక్కెర బిళ్ల మింగినవాళ్లలో ఒక్కరూ మానలేదు. ఎవరి చెవిలో పూలు పెడతారు?"

అతను గ్లాసు పక్కన పెట్టాడు. అలమరలోంచి ఫైళ్లు తీసి ఆమె ముందు పెట్టాడు. అన్నిటా అతని గుండ్రటి చేతిరాతే. కళ్లు తిరిగి బాత్‌రూమ్‌లో పడ్డారు. మెట్ల మీద పడ్డారు. తుంటి విరిగింది, ఇక రాలేరు.

"నేను రాసింది ఇదీ. కంప్యూటర్‌లో ఎక్కించింది ప్రొఫెసర్ గారు." అతను ఒక ఫైలు మీద వేలు పెట్టాడు. "ఆ తుంటి విరిగిన టీచరమ్మ నన్ను మనవడా అని పిలిచేది. ఏం భయం లేదని చెప్పి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించింది నేనే."

ఆమె కోపం తగ్గలేదు. కాకపోతే ఇప్పుడది అతని మీద కాదు.

ఇద్దరూ పరిశోధన నడిపే ప్రొఫెసర్ గదికి వెళ్లి అడిగేశారు. ఆయన నవ్వాడు. "డబ్బు పెట్టింది మాత్ర చేసే కంపెనీ కదమ్మా! నోరు మూసుకుంటే పరిశోధన పేపర్‌లో మీ పేర్లే ముందుంటాయి. కాదంటే రాజీనామా రాసిచ్చి వెళ్లండి. 'సొంత కారణాలు' అని రాయండి, ఏ గొడవా ఉండదు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. పక్కకి చూస్తే అతను అప్పుడే పెన్ను తీసి రాసేస్తున్నాడు. పిరికివాడు! ఆ కళ్లు చూసి నమ్మానే అని తన మీద తనకే మంటగా ఉంది.

అతను కాగితం ముందుకు తోశాడు. పదకొండు మంది రోగుల నంబర్లు, ఎవరు ఎక్కడ పడ్డారో. చివర్న, 'ఇది దాచమన్నారు. అందుకే వెళ్తున్నాను. దీని కాపీ పరిశోధనల తప్పొప్పులు చూసే ఎథిక్స్ కమిటీకి పంపుతున్నాను.'

ప్రొఫెసర్ నవ్వు ఆగిపోయింది. ఆమె పెన్ను లాక్కుని కింద తన సంతకం కూడా బరికింది.

బయట వాన దంచికొడుతోంది.

"గొడుగు లేదా?" అందామె.

"ఉద్యోగమే లేదు, గొడుగొకటా!"

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది.

"టీచరమ్మ దగ్గరికి వెళ్లి అన్నీ చెప్పాలి. మీరూ వస్తారా? 'ఈ అమ్మాయెవర్రా' అంటే ఏం చెప్పను?"

"ఉన్నదున్నట్టు చెప్పండి."

అతను తల గోక్కున్నాడు. "ఉన్నదున్నట్టంటే... పొద్దున సిగ్గుందా అని అడిగినప్పటినుంచీ మీరంటే ఇష్టమని చెప్పాలి."

ఆమె చున్నీ తలమీదికి లాక్కుని వానలోకి దిగింది.

"చెప్పండి. కానీ ముందు, ఆవిడ తుంటి ఎందుకు విరిగిందో చెప్పండి."