ఐసు పెట్టెలో రక్తం

కోడలు సంచి సర్దుకుంటోంది. ఒక చీర పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. గుమ్మంలో ఆడపడుచు చేతులు కట్టుకుని నిలబడింది.

"త్వరగా కానియ్. మా నాన్నకు మందు ఎగ్గొట్టిన మనిషికి ఈ ఇంట్లో చోటు లేదు."

"ఒక్క పూట కూడా మానలేదు వదినా." అని అని కోడలి గొంతు అరిగిపోయింది.

అప్పుడే డిటెక్టివ్, ఆయన వెనకే సహాయకురాలు లోపలికొచ్చారు. పిలిపించింది మంచం మీదున్న పెద్దాయనే.

"నాన్న మాట పట్టించుకోకండి," అంది ఆడపడుచు. "కాలేయం చెడింది. సిరప్ తాగకపోతే రక్తంలో అమోనియా పేరుకుని బుర్ర మొద్దుబారుతుందట. రిపోర్టులో మూడింతలు వచ్చింది!"

"మొద్దుబుర్రే అయినా ఈయన ఫోన్ నంబరు గుర్తుందిగా," అన్నాడు పెద్దాయన. "కొడుకు పోయినా నన్ను వదలని పిల్ల మందు మానేసిందంటే ఎలా నమ్మను? కానీ రిపోర్టు అలా ఉంది మరి."

డిటెక్టివ్ ఆయన చేతులు చాపించి చూశాడు. అమోనియా అంత పెరిగితే రావాల్సిన వణుకు లేదు. డిటెక్టివ్ ముఖంలో నవ్వు మాయమైంది. ఎవరికో మూడిందనుకుంది సహాయకురాలు.

"రక్తం ల్యాబ్‌కు ఎవరు చేర్చారు?"

"ల్యాబ్ అతను ఇంటికొచ్చి తీసి, ఐసు పెట్టెలో పెట్టాడు. నేను తిన్నగా తీసుకెళ్లి ఇచ్చాను," అంది ఆడపడుచు.

"అంతకుముందోసారి వదిన పట్టుకెళ్తే ఐసు లేదని తిప్పి పంపేశారండీ," అంది కోడలు. "అందుకే ఈసారి ఐసుతో జాగ్రత్తగా పట్టుకెళ్లింది."

డిటెక్టివ్ పక్క వీధిలో ఉన్న ఆడపడుచు ఇల్లు కూడా చూస్తానన్నాడు. అక్కడ ఆమె చల్లటి మంచినీళ్లిచ్చింది. గ్లాసుల్లో పువ్వుల్లాంటి ఐసుముక్కలు తేలుతున్నాయి. ఆయన గుటగుటా తాగేసి, "ఎంత ముచ్చటగా ఉన్నాయో!" అన్నాడు. ఈయనకు ఐసు మీద మోజేమిటా అనుకుంది సహాయకురాలు.

అక్కణ్ణుంచి ల్యాబ్‌కు వెళ్లారు. ఆ రోజు ఆడపడుచు దగ్గర రక్తం గొట్టం అందుకున్నామె, "పెట్టె నిండా ఐసుందండీ, అందుకే తీసుకున్నా. పువ్వుల్లా భలే ఉంది," అంది. సహాయకురాలికి ఆ మంచినీళ్ల గ్లాసులు గుర్తొచ్చాయి.

మర్నాడు డిటెక్టివ్ అందరినీ పెద్దాయన మంచం చుట్టూ కూర్చోబెట్టాడు.

"గొట్టంలోకి చేరినా రక్తం ఊరుకోదు. వెచ్చగా వదిలేస్తే అందులోనే అమోనియా పెరుగుతుంది. అందుకే ఐసులో పెట్టి వెంటనే పరీక్ష చేయాలి. పొద్దున పెద్దాయనకు ల్యాబ్‌లోనే రక్తం తీయించాం. అక్కడికక్కడే పరీక్ష చేశారు. అమోనియా మామూలుగానే ఉంది."

"నేనిచ్చినప్పుడూ ఐసుందిగా!" అంది ఆడపడుచు.

"ఉంది. ల్యాబ్ అతన్ని అడిగాను, అతను పెట్టింది నలగ్గొట్టిన ఐసు. ల్యాబ్‌కు చేరింది పువ్వుల ఐసు, మీ ఫ్రిజ్‌లోది. ఐసు లేకపోతే ఏమవుతుందో మొదటిసారి తిప్పి పంపినప్పుడే మీకు చెప్పారట. ఈసారి గొట్టం బయటికి తీసి వెచ్చగా వదిలేశారు. ఇచ్చే ముందు మళ్లీ ఐసు నింపారు."

ఆడపడుచు తల దించుకుంది.

"ఎందుకే తల్లీ?" అన్నాడు పెద్దాయన.

"నీ కడుపున పుట్టింది నేను. ఒళ్లు వెచ్చబడితే దాన్ని పిలుస్తావు, దాహమేస్తే దాన్నే పిలుస్తావు. అది పోతే నన్ను పిలుస్తావనుకున్నా."

పెద్దాయనకు గొంతు ఎండిపోయింది.

"అమ్మా, కాసిని నీళ్లు," అన్నాడు.

కూతురూ కోడలూ ఇద్దరూ లేచారు. ఆయన చూపు కోడలి మీదే ఉంది.

ఆడపడుచు చెప్పులు వేసుకుంది. "అన్నం తిని వెళ్లు వదినా," అని కోడలు వాకిలి దాకా వెంట వెళ్లింది. ఆడపడుచు వెనక్కి తిరగలేదు.

పక్క వీధిలోనే ఉండేది. మళ్లీ రాలేదు. ఆ చలికాలం తండ్రి పోయిన రోజున కూడా రాలేదు.