అమ్మమ్మ దూకని కిటికీ

మధ్యాహ్నం క్లాసులో వసపిట్ట వంతు వచ్చింది. దాని నోరు మూతపడదని క్లాసంతా కలిసి పెట్టిన పేరది. ఇంట్లో పెద్దవాళ్ళు చేసిన గొప్ప పని ఒకటి, జరిగింది జరిగినట్టు చెప్పాలి.

"మా అమ్మమ్మ టెలిఫోన్ ఆపరేటర్. అప్పట్లో ఆపరేటరే వైరు గుచ్చి లైను కలపాలి. ఒకరోజు పక్కనున్న మిల్లు అంటుకుంది. మంటలు అమ్మమ్మ గదిలోకి వచ్చేశాయి. రెండో అంతస్తు కిటికీలోంచి దూకేసింది."

మిల్లు అంటుకోవడం వరకూ నిజం. మిగతాది వసపిట్ట అప్పటికప్పుడు అల్లింది. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి విన్నారు.

"రేపు మీ అమ్మమ్మగారిని తీసుకురామ్మా," అంది టీచర్.

వసపిట్ట తలైతే ఊపింది. అమ్మమ్మ వస్తే గుట్టు రట్టవుతుంది.

ఇంట్లో అమ్మమ్మ బఠాణీలు ఒలుస్తోంది. వసపిట్ట పక్కన కూలబడి ఉన్నదంతా చెప్పేసింది. అమ్మమ్మ పగలబడి నవ్వింది.

"నేను దూకేస్తే ఫైరింజన్‌కి ఫోన్ ఎవరు కలిపారే?"

"ఊరికే కూర్చున్నావంటే ఎవరు వింటారు అమ్మమ్మా?"

"ఊరికేనా? గదినిండా పొగ. కళ్ళు మండిపోయాయి. పారిపోదామనే అనుకున్నా. అంతలో బోర్డు మీద లైట్లన్నీ ఒక్కసారే వెలిగాయి. మా నాన్న మిల్లులో ఉన్నాడని ఒకరు, మా అన్న ఉన్నాడని ఒకరు. ఎలా లేస్తాం? ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని సాయంత్రం దాకా కలుపుతూనే ఉన్నాం. ఫైరింజన్లు నేను చూసుకుంటే, ఆసుపత్రులు నా పక్క కుర్చీలో పొడుగమ్మాయి చూసుకుంది. నీ కథలో పాపం అది లేనే లేదు."

వసపిట్టకు సిగ్గేసింది. బఠాణీలు ఒలుస్తున్న ఆ ముడతల వేళ్ళను చూస్తే ఎంతో గర్వంగా కూడా అనిపించింది.

"రేపు వస్తాలే. దూకానని మాత్రం చెప్పను," అంది అమ్మమ్మ.

మర్నాడు అమ్మమ్మ క్లాసులో అడుగు పెట్టీ పెట్టకముందే, "కాలు విరిగిందా అమ్మమ్మగారూ?" అని అడిగాడొకడు.

వసపిట్ట లేచి నిలబడింది. "అమ్మమ్మ దూకలేదు. అది నేను కల్పించాను."

"అన్నీ కోతలే," అని ఎవరో అన్నారు. క్లాసు గొల్లుమంది. వసపిట్ట చెవులు వేడెక్కాయి. అయినా కూర్చోలేదు. పొగ గురించి, తడిగుడ్డ గురించి, పొడుగమ్మాయి గురించి ఒక్కొక్కటే చెప్పింది. మెల్లగా నవ్వులు ఆగిపోయాయి.

"పొగ ఇంకా పెరిగిందా?" అని వెనక బెంచీ వాడు అడిగాడు.

"పెరిగింది."

"అప్పుడేం చేశారు?"

వసపిట్ట అమ్మమ్మ వైపు చూసింది.

"అప్పుడు కూడా లేవలేదు," అంది వసపిట్ట.