ఏడు మగ్గాల కపాలం

హంద్రి, తుంగభద్ర ఒక్కటై కర్నూలును ముంచిన వరద నుంచి లెక్క కడితే అది పదమూడో ఏడు. దీపావళి మరునాడు. అమావాస్య! ఆపైన సూర్యగ్రహణం!

కోడుమూరులో ఆ సాయంత్రం ఒక్క మగ్గమూ ఆడలేదు. గ్రహణవేళ పోగు నడిపే నాడెను అటూ ఇటూ తోస్తే ఆ గుడ్డ పీనుగు మీదికే పోతుందని నేతగాళ్ల నమ్మకం. పడమటి దిక్కున సూర్యబింబాన్ని ఏదో కొరికినట్టు ఒక అంచు మాయమైంది. రోగిష్టి వెలుగొకటి చేల మీద పరుచుకుంది... చుక్క వాన లేకుండా ఆకాశం ఉరుముతోంది... పొద్దు కుంకకముందే గుడ్లగూబ కూత!

ఆ పాడు వెలుగులో ముసలి లక్ష్మన్న ముందు, కోడలు శివపార్వతి వెనుక, హంద్రి ఒడ్డున ఉన్న ఏడు మగ్గాల తోట దారి పట్టారు.

"మామా, ఆ సంఘం పెద్దాయన మాట నమ్మి పోతాండామా?"

"ఊ."

"ఊ అంటే ఏం మామా? నీతో మాట్లాడేకంటే మా కోసిగి గుట్టతో మాట్లాడేది మేలు. గుట్టన్నా మళ్లీ పలుకుతాది."

లక్ష్మన్న నడక ఆపలేదు. ఆయనకు మాట బరువు. ఆ బరువే ఆయన కొంప ముంచింది.

పూర్వం ఏడుగురు నేతగాళ్లు కన్నడ సీమ నుంచి మగ్గాలు నెత్తిన పెట్టుకుని ఈ ఊరికి వచ్చారట. వాళ్లలో పెద్దవాడు ఆదిమగ్గం పెద్దయ్య, వంశానికి మూలపురుషుడు. వాళ్ల సంతతి పెట్టుకున్నదే ఏడు మగ్గాల వంశస్థుల సంఘం. సంఘంలో చేరినవాడి పేరు ఎర్రనూలుతో వంశపటం మీద కుడతారు. పటం మీద పేరున్నవాడికే చచ్చాక తోటలో ఆరడుగుల నేల. పేరు ఎక్కాలంటే తల్లీ తండ్రీ ఇద్దరిదీ ఏడు మగ్గాల రక్తమే కావాలి. తప్పినవాడి పేరు నూలును పదిమంది ముందర ఊడలాగుతారు.

శివపార్వతి కోసిగి నుంచి పత్తి ఏరడానికి వచ్చిన కూలోళ్ల పిల్ల. లక్ష్మన్న ఒక్కగానొక్క కొడుకు నాగార్జున ఆమెను చూశాడు, తాళి కట్టాడు, ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పుడు ఎవరూ అడగలేదు. మొన్న ఉగాదికి మాత్రం, నాలుగేళ్ల కూతురు యామిని పేరు పటం మీద ఎక్కించమని అతను అర్జీ పెట్టాడు. అంతే! పిల్ల తల్లిది ఏ మగ్గం? ఏ ఇల్లు? పిల్ల పేరు ఎక్కలేదు సరికదా, రక్తం కలిపినందుకు తండ్రి పేరే పీకాలన్నాడు సంఘం అధ్యక్షుడు వీరభద్రప్ప.

"ఒప్పినోళ్లు చెయ్యెత్తండప్పా!"

చేతులన్నీ లేచాయి. కన్నతండ్రి లక్ష్మన్న చెయ్యి... అదీ లేచింది!

 నాగార్జున వాకిట్లో తలకిందులై పడివున్న తండ్రి చెప్పులను వంగి సరిగ్గా పెట్టి, వెళ్లిపోయాడు.

నలభయ్యో నాటికి గుక్కెడు నీళ్లు దిగక, పోగులా సన్నబడి, నాగార్జున చచ్చిపోయాడు! అలా పేరు పోయినవాళ్లు ఈ పదమూడేళ్లలో పదిహేడు మంది. పదిహేడు మందిలో ఒక్కరూ నలభై రోజులు దాటలేదు! అంతా మూలపురుషుడి ఆగ్రహమన్నారు. నాగార్జునకు తోటలో చోటు లేదు. ఏటి ఒడ్డున కంపచెట్ల నడుమ పూడ్చారు.

ఆ మూలపురుషుడి కపాలం తోటలోని సంఘం పూజగదిలోనే ఉంది. వరదనాడు హంద్రి తోటను నిలువునా చీల్చి, సమాధులన్నిటినీ ఒక్క బురద చేసినప్పుడు, వీరభద్రప్ప ఒక్కడే ఆ బురదలో దిగాడు. పట్టుగుడ్డలో ఏదో చుట్టుకొచ్చాడు. "ఆదిమగ్గం పెద్దయ్య దొరికినాడు!" అన్నాడు. ఊరు సాగిలపడింది. లక్ష్మన్నా సాగిలపడ్డాడు. ఆ గుడ్డ మాత్రం ఇంతవరకూ ఎవరి ఎదుటా విప్పలేదు.

ఇంతకీ కన్న కొడుకు పేరు పీకడానికి లక్ష్మన్న చెయ్యి ఎందుకెత్తాడు?

ఆ రహస్యం తెలిసిన మనిషి ఇంకొక్కతే. ఆమె పోయి పదిహేనేళ్లయింది. లక్ష్మన్న భార్య బసమ్మ... ఆమెదీ కోసిగే! కరువేట రాళ్లు కొట్టడానికొచ్చిన పిల్ల. ఎమ్మిగనూరులో ఉన్న ఏడు మగ్గాల ఇంటి పిల్లని ఊరికి బొంకి, నలభై రెండేళ్ల కింద చేసుకున్నాడు. "నీ ఊరి మాట నోట్లోంచి జారకూడదు" అని ఒట్టు వేయించుకున్నాడు.

ఆమె ఒట్టు నిలబెట్టుకుంది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే దాని కొసలకు కొత్త పడుగును పోగు పోగునా అతకాలి. ఆడవాళ్ల పని. బసమ్మ వేలకు వేల పోగులు అతికేది. నోటితో కొస పట్టి, పంటితో కొరికి, కొరికి... ముందుపళ్లలో సన్నటి గాడి పడింది. నాగార్జున పుట్టిననాడు మగ్గం దగ్గరే నొప్పులొచ్చాయి. అరిస్తే కోసిగి యాస బయటపడుతుందని నాడె నోట్లో కరచుకుంది. ఎడమ పక్క పన్ను సగానికి విరిగింది. లోలోపలి మూలుగే తప్ప అరుపు రానివ్వలేదు.

ఉగాదినాడు చెయ్యి ఎత్తకపోతే ఎందుకని ఆరా తీసేవాళ్లు; నిజం బయటపడితే? తోటలో బసమ్మ ఎముకలు తవ్వి పారేసేవాళ్లు. వరద తర్వాత గుర్తుగా పాతిన రాయి దగ్గర ప్రతి అమావాస్యకూ ఆయన చెంబెడు నీళ్లు పోస్తున్నాడు. ఆ రాయిని కాపాడుకోవడానికి... బతికున్న కొడుకును ఇచ్చేశాడు!

పోయిన వారం వీరభద్రప్పే కబురు పెట్టాడు. "గ్రహణంనాడు నీ కోడలిని పిల్చుకొని రా. పెద్దయ్యనే అడుగుదాము. ఆయన ఒప్పితే నీ కొడుకు పేరు మళ్లా కుట్టిస్తా. ఎముకలు తోటలోకి తెప్పిస్తా. పాప పేరూ ఎక్కిస్తా."

ముసలివాడికి ఇంకేం కావాలి? కొడుకు పేరు! అది తిరిగొస్తే చాలు.

* * *

తోటలోని పూజగది తలుపు కిర్రుమంది. లోపల చీకటి, సాంబ్రాణి పొగ, పాత ఎముకల వాసన. నేల మధ్యలో, నేతగాడు కాళ్లు దించుకునే ఆదిమగ్గం గుంత నల్లగా నోరు తెరుచుకుని ఉంది. దాని అంచున ఏడువత్తుల దీపం, నిమ్మకాయలు, కుంకుమ ముద్ద. దీపం వెనుక వీరభద్రప్ప! ఎనభై దాటినా నెత్తిన ఒక్క తెల్లవెంట్రుక లేదు. పదమూడేళ్లుగా ఆ ముఖాన ఒక్క ముడత పెరగలేదు!

"రాప్పా లక్ష్మన్నా. నీయంత మంచి సాక్షి ఈ జిల్లాలోనే లేడు. నోట్లో నిప్పులు పోసినా పలకవు." చూపు శివపార్వతి మీదికి పాకింది. "ఏమ్మే, కోర్టుకు పోతానంటివంట?"

"ఈడ న్యాయం దొరికితే బస్సు ఎక్కేపని తప్పుతాది పెద్దాయనా."

వీరభద్రప్ప నవ్వాడు. "కూలోళ్ల పిల్లకు నోరు శానా ఉండాది. వినండి, ఒకటే కట్టడి. పెద్దయ్యను ఆదిమగ్గమనే పిలవల్ల. చచ్చినోళ్ల సొంతపేరు సొంతమనిషి నోట రాకూడదు. వస్తే నా కట్టు తెగుతాది. తెగితే... ఈ గదిలోంచి ఎవరం బయటికి పోతామో నేను చెప్పలేను."

తలుపు గడియ దానంతట అదే పడింది!

"హ్రీం! క్రీం! ఛట్! ఛట్! ఆదిమగ్గం పెద్దయ్యా, మేలుకో!"

ఉరుము పైకప్పును ఊపేసింది. వత్తులు నీలంగా మండాయి. వీరభద్రప్ప పట్టుగుడ్డను మొదటిసారి పరాయి కళ్ల ముందు విప్పాడు. ధూమవర్ణపు కపాలం! దాని నుదుటి చుట్టూ ఎర్రనూలు... పటం మీద నుంచి పీకిన పేర్ల నూలు... పదిహేడు చుట్లు! చిట్టచివరి చుట్టు ఇంకా కొత్తగా మెరుస్తోంది. నాగార్జున పేరు!

"మామా!" శివపార్వతి వెనక్కి దూకింది. "చంపింది దేవుడు కాదు, వీడే!"

అప్పటికే వాడి పిడికిట్లో ఆమె జుట్టు చిక్కింది. "పటం మీద నీకు పేరు లేదు కదా! పేరు లేనోళ్లకు వెంట్రుకే పోగు!"

కుదుళ్లతో పెరికిన వెంట్రుకలు కపాలం మీద పద్దెనిమిదో చుట్టుగా పడ్డాయి. శివపార్వతి కెవ్వున అరిచింది... ఆ అరుపు సగంలో గొంతు మారిపోయింది! కనుగుడ్లు వెనక్కి తిరిగాయి. వెన్ను విల్లులా వంగింది. ఆమె చేతులు లేచి ఆమె గొంతునే పట్టుకున్నాయి!

"బిగించు! ఆదిమగ్గమా, బిగించు!"

 గాలి ఏ సందునుంచి వచ్చిందో, దీపం ఒక్కసారి పొడుగ్గా లేచి, వెలుగు కపాలం నోటి మీద పడింది.

ముందుపళ్లలో సన్నటి గాడి...

లక్ష్మన్న రెప్ప వేయలేదు. అది అతికేవాళ్ల గాడి. మూలపురుషుడు మగవాడు. మగవాడు పోగు అతకడు, అతకలేడు. ఇది ఆడమనిషి తల! ఆయన మోకాళ్ల మీద దగ్గరికి పాకాడు. ఎడమ పక్క పన్ను... సగానికి విరిగి ఉంది.

వరదలో కొట్టుకొచ్చిన బురదలో వీరభద్రప్ప చేతికి తగిలింది మూలపురుషుడు కాదు! లక్ష్మన్న పదమూడేళ్లుగా నీళ్లు పోసింది ఉత్త రాతికి! కొడుకును బలిపెట్టి ఆయన కాపాడిన సమాధి... ఎప్పుడో ఖాళీ!

"వీరభద్రప్పా..." ముసలివాడు వేలు చాచి ఆ పన్ను చూపించాడు. "ఇది పెద్దయ్య కాదు."

"ఎవురిదైతే ఏంరా! బురదలో ఏ ఎముక దొరికితే అది. నేను పెట్టిందే దానికి పేరు. పదిహేడు మందిని చంపమన్నా, చంపింది. నోరు మూసుకోని చూడు. అది నీకు అలవాటే కదా!"

శివపార్వతి నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. చేతులు ఆమె గొంతు నొక్కుతూనే ఉన్నాయి. కళ్ల వెంట మాత్రం ధారగా నీళ్లు. ఆ మూలుగును లక్ష్మన్న ఎరుగును. నాడె కరచుకుని ఎవరో నొప్పి దిగమింగుతున్నట్టు...

చంపమంటే చంపింది! పదిహేడో పేరూ ఆమె చేతనే... తొమ్మిది నెలలు మోసిన తల్లి చేతనే... అప్పుడూ ఇలాగే ఏడ్చి ఉంటుంది!

నలభై రెండేళ్ల మౌనం ముసలివాడి రొమ్ములో భళ్లున పగిలింది.

"బసమ్మా!"

వత్తులు ఏడూ ఒక్కసారి ఆరిపోయాయి!

"బసమ్మా! కోసిగి బసమ్మా! నువ్వు ఏ మగ్గానిదానివీ కాదు! నా పెండ్లానివి! నాగార్జున తల్లివి! నేనే దాచిపెట్టినా... నేనే నీ నోరు కుట్టేసినా... చాలు, ఇంక అరువమ్మా!"

అప్పుడు... పదిహేనేళ్ల కింద మన్నుపడిన గొంతు శివపార్వతి నోట అరిచింది! పురిటిరోజు అరవాల్సిన అరుపు అది. గోడలు బీటలిచ్చాయి, కిటికీ రెక్కలు ఎగిరి ఏట్లో పడ్డాయి.

"ఏమయ్యా..." ఆ గొంతే మెత్తగా, కోసిగి యాసలో అన్నది. "ఇన్నేండ్లకు పిల్చితివా? వీడు చూపిచ్చినాడు, నేను నొక్కినా. నా కొడుకునే నొక్కినానయ్యా... నా పేరు ఒక్కసారి మనోళ్లెవురన్నా అనింటే, నా చెయ్యి ఆగిపోతాండె కదయ్యా..."

లక్ష్మన్న నేలకు నుదురు కొట్టుకున్నాడు.

"కట్టు! కట్టు!" వీరభద్రప్ప పిచ్చిగా కుంకుమ చల్లుతున్నాడు. కపాలం మీది నూలు దానంతట అదే విప్పుకుంది. పదిహేడు ఎర్రపోగులు పాముల్లా లేచి వాడి కాళ్లను, నడుమును, మెడను చుట్టాయి! చచ్చినవాళ్ల నుంచి దొంగిలించిన ఏళ్లన్నీ ఒక్కసారి వాడి మీద పడ్డాయి. జుట్టు తెల్లబడి రాలింది... చర్మం ఎండి పగిలింది... "లక్ష్మన్నా! చెప్పప్పా! వద్దని చెప్పు దానికి!"

లక్ష్మన్న తల ఎత్తాడు. అంత సేపు మాట్లాడినవాడు, వాడికి మాత్రం ఏమీ చెప్పలేదు.

చుట్టలు చుట్టుకున్న వీరభద్రప్పను ఆ పోగులు ఆదిమగ్గం గుంతలోకి లాగేశాయి. లోపల టక్... టక్... టక్... పంటితో కొస కొరికే చప్పుడు! ఆ తర్వాత చప్పుడే లేదు.

శివపార్వతి మెలకువ తెచ్చుకునేసరికి మామ ఒళ్లో ఆమె తల ఉంది. గ్రహణం విడవకుండానే పొద్దు కుంకిపోయింది.

* * *

మరునాడు తెల్లవారి సంఘం మనుషులు వచ్చి గుంతలో వీరభద్రప్పను చూశారు. ఎండు తొక్కలాంటి దేహం. మీద ఎర్రనూలు, ప్రతి కొసా ఆడవాళ్లు పడుగు అతికినంత పొందికగా అతికి ఉంది. ఎవరూ తాకడానికి సాహసించలేదు.

"పెద్దయ్య తల యాడ?" అని అడిగాడు కార్యదర్శి హనుమన్న.

లక్ష్మన్న తన పైపంచెలో కట్టుకున్న మూట చూపించాడు. "పెద్దయ్య కాదు. నా పెండ్లాము బసమ్మ. కోసిగి."

హనుమన్న గుంతలోకి ఒకసారి తొంగి చూశాడు. "ఆ మాట ఉగాదినాడు అనింటే... సరేలే. ఇప్పుడు అంటివి. అంటే సంఘం రాతప్రకారం నీ పేరు కూడా..." అని నసిగాడు.

లక్ష్మన్న వంశపటం దగ్గరికి నడిచాడు. తన పేరు వెతికి, కొస ముడిని ఉన్న నాలుగు పళ్లతో కొరికాడు. నూలు మెల్లగా, తెగకుండా, అంతా లాగాడు. పటం మీద సన్నటి చిల్లులు మిగిలాయి. 

ఏటి ఒడ్డున కంపచెట్ల నడుమ, కొడుకు పక్కన, ఆయనే గుంత తవ్వాడు. శివపార్వతి యామినిని చంకనేసుకుని నిలబడింది. మెడ మీద పది వేళ్ల గుర్తులు కమిలి ఉన్నాయి.

"తాతా, అది ఎవురు?" అంది పాప.

"మీ అవ్వ," అన్నాడు లక్ష్మన్న. "బసమ్మ. మీ అమ్మ ఊరే." మూట నోటిని తన పేరు నుంచి లాగిన ఎర్రనూలుతోనే కట్టి, గుంతలో దించి, పిడికెడు పిడికెడుగా మన్ను వేశాడు.